నేర్పు పేరిట ద్యూతము

శ్రీమద్భాగవతము ప్రథమస్కంధములోని కలినిగ్రహ కథ వైష్ణవ గృహములలో పిల్లలు సైతము ఎరిగినదే. గోవును, వృషభమును హింసించుచున్న కలిని పరీక్షిన్మహారాజు ఖడ్గమెత్తి చంపబోయెను. కలి పాదములపై బడి శరణు వేడెను. శరణాగతుని చంపరాదు గనుక రాజు వానిని విడిచి, నివసించుటకు నాలుగు తావులు చూపెను. ద్యూతము, మద్యపానము, స్త్రీలోలత్వము, జీవహింస అనునవి ఆ నాలుగు. వీనిలో ద్యూతమును మొదట చెప్పుట గమనింపదగినది. వృషభరూపమున నున్న ధర్మమునకు మూడు పాదములు అప్పటికే విరిగియున్నవి. నిలిచియున్నది సత్యమను నాలుగవ పాదమొక్కటే. ద్యూతము దెబ్బతీయునది ఆ పాదమునేయని పెద్దల వ్యాఖ్యానము. ధనము పోకముందే జూదరి యింట సత్యము పోవును. ఎంత పెట్టితివని భార్య అడిగినప్పుడు అతడు చెప్పు మొదటి అంకెయే తప్పుటంకె.

నేటి ద్యూతమునకు పాచికలు అక్కరలేదు. అరచేతిలో ఇముడు ఫోను చాలును. క్రికెట్ పోటీ ఆరంభమగుటకు ముందు, రెండు జట్లలోని ఇరువదిరెండుగురు ఆటగాండ్రనుండి పదునొకండుగురిని ఎంచుకొని ఒక ఊహాజట్టును కూర్చవలెను. ఒక్కొక్క ఆటగానికి ఇంత వెల యని క్రెడిట్లు నిర్ణయింపబడియుండును. మొత్తము నూరు మించరాదు. ఒకనిని కెప్టెన్‌గా నిర్ణయించినచో అతని పాయింట్లు రెట్టింపగును. వైస్ కెప్టెన్‌కు ఒకటిన్నర రెట్లు. మైదానములో ఆటగాడు చేసిన పరుగులకు, తీసిన వికెట్లకు, పట్టిన క్యాచ్‌లకు లెక్కగట్టి పాయింట్లిత్తురు. అందరివలెనే ప్రవేశ రుసుము చెల్లించి కూర్చున్నవారిలో ఎవరి జట్టుకు పాయింట్లు ఎక్కువవచ్చునో వారికి బహుమానము. మన దేశమున ఈ ఆట పందెముగా నడచినది ఈ పద్ధతిని. దీనికి డైలీ ఫాంటసీ స్పోర్ట్స్ అని పేరు.

ఈ పేరులో 'డైలీ' యను మాట ముఖ్యమైనది. ఊహాజట్ల ఆట 1980లో న్యూయార్క్ నగరమున బేస్‌బాల్ అభిమానులైన కొందరు మిత్రులు ఒక రూపమునకు తెచ్చినది. వారు జట్టును కూర్చుకొని క్రీడాకాలమంతయు, అనగా నెలల తరబడి, దాని ఫలితమునకై ఎదురుచూచెడివారు. దానివలన కలిగిన నష్టమేమైనను ఏడాదికొక్కసారి. తరువాత వచ్చిన వ్యాపారులు ఆ నెలలను ఒక్కరోజునకు కుదించిరి. సాయంకాలము పెట్టిన పందెము రాత్రికి తేలిపోవును; మరునాడు మరియొక పోటీ. మన దేశమున డ్రీమ్ ఇలెవెన్ సంస్థ 2008లో ఏర్పడినది. 2020లో ఐపీఎల్ పోటీలకే ఆ సంస్థ పేరు ముందు చేర్చి పిలిచిరి. 2023లో భారత జట్టు చొక్కాలపై ఆ పేరు కనబడినది. దేశమంతయు గౌరవించు ఆటగాండ్రు ప్రకటనలలో పిలుచుచుండగా, ఇది జూదమని సామాన్య గృహస్థునకు తోచకపోవుటలో వింతలేదు.

అయితే మన ధర్మశాస్త్రములకు ఇది కొత్త వస్తువు కాదు. మనుస్మృతి నవమాధ్యాయమున పందెములను రెండుగా విభజించినారు. ప్రాణము లేని వస్తువులతో, అనగా పాచికల వంటివానితో ఆడునది ద్యూతము. ప్రాణము గలవానిని పోటీకి నిలిపి, వాని గెలుపోటములపై ధనమొడ్డునది సమాహ్వయము. పొట్టేళ్ళ పోరు, కోడిపందెము ఈ రెండవదానిలోనివి. ఒడ్డువాడు తాను పోరాడడు, చెమటోడ్చడు. పోరాడునది వేరొక దేహము, పోవునది తన ఇల్లు. చెన్నైలోనో ముంబైలోనో ఒక బ్యాట్స్‌మన్ మడమ బెణికి మైదానము విడిచిపోయినంత మాత్రమున, ఏలూరులోని యొక గుమాస్తా పిల్లవాని ఫీజు సొమ్ము పోవుట సమాహ్వయము గాక మరేమి? రాజు ఈ రెంటిని రాజ్యమునుండి తొలగింపవలెనని మనువు మతము.

సమాహ్వయమునకు ఆంధ్రదేశమున పెద్ద ఉదాహరణమే కలదు. పండ్రెండవ శతాబ్దినాటి పలనాటి కథలో మాచర్ల పక్షమునకు పెద్ద బ్రహ్మనాయుడు. చెన్నకేశవస్వామి భక్తుడు, కులభేదములెంచక అందరిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించిన వైష్ణవుడు. అట్టివాడు నాయకురాలు నాగమ్మ పిలుపునకు లొంగి కోడిపందెమునకు ఒప్పుకొనెను. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడువవలెనని ఒడంబడిక. మాచర్లవారు ఓడిరి, వలసపోయిరి. గడువు తీరివచ్చిన పిమ్మట రాజ్యభాగమీయక పోగా కారెంపూడి రణరంగమున రెండు పక్షముల వీరులును నశించిరి. నాగమ్మ మోసము చేసినదని కథకులు చెప్పుదురు, కావచ్చును. కాని మోసమునకు చోటిచ్చినది, బ్రహ్మనాయుడంతటివాడు ఒక కోడికాలికి రాజ్యమును కట్టుటయే గదా! నేటికిని కార్తికమాసమున కారెంపూడిలో వీరుల ఉత్సవము జరుగుచున్నది.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. ఆటగాండ్రను గూర్చి తెలిసినవాడే గెలుచును గనుక ఇది నేర్పుతో కూడిన ఆట, అదృష్టముపై నడచునది కాదు, కావున జూదము కాదని నిర్వాహకులు చెప్పుచు వచ్చిరి. దీనికి చట్టమున ఆధారము లేకపోలేదు. 1867 నాటి జూదనిషేధ చట్టము కేవలము నేర్పుతో ఆడు ఆటలను విడిచిపెట్టినది. 1957లో సుప్రీంకోర్టు నేర్పుగల పోటీలను జూదమునుండి వేరుగా చూచినది. 1968లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తెచ్చిన యొక అప్పీలులో, సికింద్రాబాదు క్లబ్బున ఆడిన రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడినదని అదే న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ తీర్పులోనే, ఆట నడుపు క్లబ్బు దానివలన లాభము పొందుచున్నట్లు రుజువైనచో అది నేరము కావచ్చునని యొక మాట కూడ ఉన్నది. దానిని తలచినవారు తక్కువ. 2017లో పంజాబ్-హర్యానా హైకోర్టు ఊహాజట్ల ఆటయు నేర్పే యని చెప్పినది. న్యాయవాదులకు ఈ వాదము చాలును. గృహస్థునకు చాలునా యనునదే ప్రశ్న.

సభాపర్వమున శకుని దుర్యోధనునకు చెప్పిన ఉపాయమును జ్ఞాపకము చేసికొనవలెను. యుధిష్ఠిరునకు జూదమనిన ప్రియము, కాని ఆడుట తెలియదు, పిలిచినచో రాకుండలేడు, ఆటలో తనతో సమానుడు మూడులోకముల లేడు - ఇదియే శకుని ధైర్యము. అనగా ఆ ఆట నేర్పుతో కూడినదని శకునియు ఒప్పుకొనియున్నాడు! నేర్పు ఉన్నదనియే అతడు ఆహ్వానము పంపించెను. కేవలము అదృష్టముపై నడచు ఆటలో అజ్ఞుడు కూడ అప్పుడప్పుడు గెలుచును. నేర్పుతో నడచు ఆటలో, ప్రియము మాత్రమే గలిగి నేర్పులేనివాడు నేర్పుగలవానికి ఆహారమగును. కావున 'ఇది నేర్పుగల ఆట' యను ప్రకటన సామాన్యునకు అభయము కాదు, హెచ్చరిక. ఇరువది యేండ్లుగా క్రికెట్ చూచుచున్నాను, నాకు తెలియనిదేమున్నది అనుకొనువాడు ధర్మరాజు స్థానమున కూర్చున్నాడు. చూచుటలోని ప్రియము వేరు, లెక్కలు కట్టి ఒడ్డుటలోని నేర్పు వేరు.

లెక్కనే చూతము. ఇరువదిరెండుగురినుండి పదునొకండుగురిని ఎంచు విధములు 7,05,432. ఆ పదునొకండుగురిలో కెప్టెన్‌ను, వైస్ కెప్టెన్‌ను నిర్ణయించు విధములు 110. రెంటిని గుణించగా 7,75,97,520 జట్లగును. క్రెడిట్ల పరిమితివలన, ఇందరు బౌలర్లుండవలెనను నియమములవలన ఈ సంఖ్య తగ్గునుగాని, మిగిలినది కూడ ఒక మనిషి ఊహకందునది కాదు. ఒక సామాన్యుడు సాయంకాలము కాఫీ త్రాగుచు ఒక్క జట్టును కూర్చును. ఎదుటివాడు కంప్యూటరు సహాయమున గణాంకములు తీసి, అనేక జట్లను ఒకే పోటీలో దింపును. ఇద్దరు చెల్లించు రుసుము జట్టునకు ఒక్కటే; ఇద్దరి కూర్చుండు పీట ఒక్కటి కాదు.

అమెరికాలో 2015 బేస్‌బాల్ క్రీడాకాలపు మొదటి సగమును మెకిన్సీ సంస్థ పరిశీలించినది. ఆటగాండ్రకు వచ్చిన లాభములో నూటికి 91 పాళ్ళు, ఆడినవారిలో నూటికి 1.3 మందికే చేరినట్లు అందు తేలినది. తక్కిన వారు ఆ కొలదిమందికి సొమ్ము సమకూర్చి పెట్టినవారు. శకుని మాట ఇచ్చట అంకెలలో కనబడుచున్నది.

నిర్వాహకుని భాగమును కూడ మరువరాదు. ప్రాచీనులు జూదగృహమును నడుపువానిని సభికుడనిరి. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ద్యూతాధ్యక్షుని నియమించి, జూదమంతయు ఒక్కచోటనే జరుగవలెననియు, గెలిచిన ధనమునుండి నూటికి ఐదు ఆ అధ్యక్షుడు గ్రహింపవలెననియు విధించెను. పాచికల అద్దె మొదలగునవి వేరు. ఎవడు గెలిచినను ఎవడు ఓడినను సభికునకు నష్టము లేదు. ఉదాహరణమునకు, నూరుమంది తలకొక 50 రూపాయలు చెల్లించిరనుకొందము. మొత్తము 5,000. నిర్వాహకుడు నూటికి పదునైదు తీసికొన్నచో పంచుటకు మిగులునది 4,250. అనగా ఆట మొదలుకాకముందే ప్రతివాని 50 రూపాయలు సగటున 42 రూపాయల 50 పైసలైనవి. 2025 ఐపీఎల్‌లో 74 పోటీలు. ప్రతి పోటీకి ఒక్క జట్టు చొప్పున పెట్టినవాడు 3,700 రూపాయలొడ్డి, సగటున 555 రూపాయలు సభికునకే సమర్పించుకొనును. ఆ మిగిలిన దానిలో పెద్దపాలు నేర్పరులు కొనిపోవుదురు గనుక సామాన్యుని వాస్తవనష్టము ఇంతకంటె ఎక్కువ. కోటి రూపాయల మొదటి బహుమానము మాత్రము ప్రకటనలో పెద్ద అక్షరములతో కనబడును.

సభాపర్వమున మరియొక సూక్ష్మము కలదు. పణమొడ్డువాడు దుర్యోధనుడు, పాచికలు వేయువాడు శకుని. ఒకని కొరకు మరియొకడు ఆడుట విషమముగా తోచుచున్నదని యుధిష్ఠిరుడు నోరుతెరచి చెప్పెను. చెప్పియు కూర్చుండెను! ఆట న్యాయముగా లేదని తెలిసియు, పిలిచిన తరువాత వెనుదీయుట తగదను అభిమానము అతనిని పట్టియుంచినది. 2015 శరత్కాలమున అమెరికాలో ఇట్టి యొక సంగతియే బయటపడినది. ఒక ఊహాజట్ల సంస్థలోని ఉద్యోగి పోటీసంస్థ నడుపు ఆటలో 3,50,000 డాలర్లు గెలుచుకొనగా, లోపలివారికి తెలిసిన సమాచారము వారికి ఉపకరించుచున్నదా యని దేశమంతట ప్రశ్న లేచినది. ఆ ఉద్యోగి సమాచారమును దుర్వినియోగము చేయలేదని సంస్థ చెప్పినది. అయినను ఆ సంస్థలు తమ ఉద్యోగులు ఇట్టి ఆటలాడుటను నిషేధింపవలసివచ్చినది. ఆడువారి సంఖ్య మాత్రము దానితో ఆగలేదు.

ఎందుకాగదు? నలోపాఖ్యానము దీనికి సమాధానమిచ్చును. నలుడు అజ్ఞుడు కాడు, దుష్టుడు కాడు, పుణ్యశ్లోకుడని పేరొందినవాడు. కలి అతనిలో ప్రవేశించెను, ద్వాపరుడు పాచికలలో చేరెను. తమ్ముడు పుష్కరునితో మొదలైన ఆట ఒక పూటలో ముగియలేదు. నెలల తరబడి సాగినది. పౌరులు, మంత్రులు వాకిట నిలిచిరి. దమయంతి కన్నీటితో చెప్పెను. నలుడు వారివంక చూడనైన చూడలేదు. నేటి వైద్యులు దీనినే రోగమనుచున్నారు. అమెరికా మనోవైద్యుల సంఘము 2013లో వెలువరించిన రోగనిర్ణయ గ్రంథమున జూదవ్యసనమును మద్యము, మత్తుపదార్థములవలని వ్యసనముల ప్రక్కన చేర్చినది. పోయినదానిని తిరిగి రాబట్టుటకే మరల ఒడ్డుట, క్రమముగా పణమును పెంచుట, దాచుట, అబద్ధమాడుట, ఆపుటకు యత్నించి ఆపలేకపోవుట దాని లక్షణములు. ఊహాజట్ల ఆటకు మరియొక ప్రత్యేకమైన ఉరి కలదు. ఓడినవానికి తాను దాదాపు గెలిచినట్లే తోచును. కెప్టెన్‌గా ఫలానావానిని గాక ఫలానావానిని పెట్టియుంటిననుకొనును. తప్పు ఆటలో లేదు, తన ఎంపికలో ఉన్నది, రేపు సరిదిద్దుకొందునని మరల కూర్చుండును. నేర్పను మాట రెండవమారు కూడ పనిచేసినది!

ఇంతవరకు విన్న వైష్ణవుడు ఒక సందేహమడుగవచ్చును. తిరుమలలో శ్రీవేంకటేశ్వరస్వామియే హాథీరాం బావాజీతో పాచికలాడినట్లు కథ యున్నదే, పెండ్లిండ్లలో వధూవరులచే ఆటలాడింతురే, గీతలో విభూతియోగమున భగవానుడు ద్యూతమును తన విభూతిగా చెప్పెనే యని. గీతలోని మాట వంచించువారిని గూర్చినది. వంచనకు సాధనములైనవానిలో అన్నిటికంటె బలమైనది ద్యూతమనియే అందలి తాత్పర్యము. అది అనుజ్ఞ కాదు. బావాజీ కథలో స్వామి వచ్చినది భక్తుని సాంగత్యమునకు. అక్కడ ఒకరి యిల్లు గుల్లచేసి మరియొకరు పోలేదు. పెండ్లి ఆటయు అట్టిదే. ఆటకు దోషము లేదు. డబ్బు లేకుండ స్నేహితులు నలుగురు కూడి ఊహాజట్లు కూర్చుకొని నవ్వుకొన్నను దోషము లేదు. ఒడ్డుట మొదలైనచోటనే కలికి పీట పడును.

ప్రభుత్వములు ఈ విషయమున ఆలస్యముగానైనను మేల్కొన్నవి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ 1974 నాటి జూదచట్టమును సవరించి, ఫోనులలో ధనమొడ్డి ఆడు ఆటలను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి వర్తించునట్లు చట్టము చేసినది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదము లభించినది. నేర్పా, అదృష్టమా యను వివాదమును ఆ చట్టము ప్రక్కకు నెట్టినది. ధనమొడ్డి ఆడించుటయే నిషిద్ధము. ఆడించినవానికి మూడేండ్లవరకు కారాగారము, కోటి రూపాయలవరకు జరిమానా. ప్రకటనలు చేసినవానికి రెండేండ్లు, యాభై లక్షలు. ఆడి నష్టపోయినవానిని శిక్షింపలేదు. పెద్ద సంస్థలు ఆ నెలలోనే పందెపు పోటీలను నిలిపివేసినవి. అయినను ఒక ద్వారము మూసిన మాత్రమున కలి ఊరు విడిచిపోడు. విదేశములనుండి నడచు పందెపు యాప్‌లు, టెలిగ్రామ్ బృందములలో తెలిసినవారి ద్వారా వచ్చు ఆహ్వానములు మిగిలియేయున్నవి. అచ్చట డబ్బు పోయినచో అడుగుటకు దిక్కు కూడ లేదు. అమెరికాలోని తెలుగు కుటుంబములకైతే ఆ పెద్ద ద్వారమే తెరచియున్నది. 2006 నాటి అక్కడి చట్టము ఊహాజట్ల ఆటను విడిచిపెట్టినది; న్యూయార్క్ రాష్ట్రము 2015లో అడ్డగించి, 2016లో అనుమతించినది. చదువుకొనుటకు పోయిన పిల్లవాడు అక్కడ చట్టవిరుద్ధమేమియు చేయకయే అప్పులపాలు కావచ్చును.

కావున రక్షణ ఇంటిలోనే మొదలుకావలెను. దమయంతి నలుని ఆపలేకపోయినది, కాని చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఆట ఆగదని గ్రహించిన క్షణమున సారథియైన వార్ష్ణేయుని పిలిపించి, పిల్లలిద్దరిని రథమెక్కించి కుండినపురమునకు, తన తల్లిదండ్రుల యింటికి పంపెను. రాజ్యము పోకముందే చేసిన పని యది. నేటి ఇల్లాలు, తల్లి, తండ్రి చేయవలసినదియు అదే రీతిది. పిల్లల చదువు సొమ్మును, ఇంటి అద్దెను, బంగారమును అతని ఫోనుకు అందని ఖాతాలో ఉంచవలెను. జీతము వచ్చు ఖాతా, యూపీఐ నడచు ఖాతా వేరువేరుగా ఉండవలెను. ఏయే యాప్‌లనుండి అప్పు తీసికొనబడినదో ఒక కాగితముపై వ్రాయించవలెను. జూదపుటప్పు ఎన్నడును మొదట చెప్పిన అంకెతో ముగియదు. బంధువులు జాలిపడి అప్పు తీర్చి డబ్బు చేతికిచ్చుట మాత్రము చేయరాదు. తీర్చదలచినచో అప్పిచ్చినవానికే నేరుగా కట్టవలెను.

ద్రౌపది సభలో అడిగిన ప్రశ్న కూడ ఇచ్చట పనికివచ్చును. తన్ను తాను ముందు ఓడినవానికి నన్ను ఒడ్డు అధికారమెక్కడిదని ఆమె అడిగెను. భీష్ముడంతటివాడు సమాధానము చెప్పలేకపోయెను. ఉమ్మడి సొమ్మును ఒడ్డినవానిని ఇంటివారు ఈ ప్రశ్న అడుగుటకు సంకోచింపనక్కరలేదు. అయితే అడుగు తీరు ఒకటి కలదు. ఋగ్వేదము దశమమండలములోని అక్షసూక్తమున జూదరి దుఃఖము చెప్పబడినది. అత్త ద్వేషించును, భార్య తొలగిపోవును. తల్లి, తండ్రి, సోదరులు ఇతనిని మేమెరుగము, కట్టి తీసికొనిపొండని అందురు. వేదకాలమునాడే ఇల్లు మూసిన తలుపు అది. తలుపు మూసినచో జూదరికి మిగులునది జూదశాల యొక్కటే. పందెములో పోయిన దానిని గూర్చి నిజము చెప్పినవానిని ఆ పూటకైనను తిట్టక అన్నము పెట్టి కూర్చుండబెట్టుట అవసరము. విరిగిన సత్యపాదము అక్కడినుండియే అతుకుకొనవలెను.

వ్యసనము ముదిరినదని తోచినచో పూజలు, మ్రొక్కులు చాలునని ఊరకుండక వైద్యుని చూడవలెను. మనోవైద్యునివద్దకు పోవుటకు సిగ్గుపడువారికి కేంద్రప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ కలదు. 14416 అను సంఖ్యకు ఏవేళనైనను ఫోను చేయవచ్చును, రుసుము లేదు, తెలుగులో మాటలాడుదురు. జూదరియే చేయనక్కరలేదు; అతని భార్యయైనను, తల్లియైనను చేయవచ్చును.